మొదటిసారి ఆల్‌నైటర్‌కు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

వచ్చే నెల మొదటి శనివారం నీ తోటి విద్యార్థినులతో కలిసి నార్తర్న్ సోల్ ఆల్‌నైటర్‌కు, అంటే పాత అమెరికన్ సోల్ పాటలకు తెల్లవార్లూ నాట్యం చేసే చోటికి, వెళ్తున్నావని, అక్కడ ఎలా నడుచుకోవాలో చెప్పమని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు గానీ, 1976 నుంచి ఈ పిచ్చిలో ఉన్న నన్ను దీని గురించి మన కుటుంబంలో అడిగినదానివి నువ్వే మొదటిదానివి కాబట్టి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను 1974లో వైద్యపట్టా పుచ్చుకుని ఈ ఇంగ్లండుకు వచ్చి, లాంకషైర్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో ఎముకల విభాగంలో జూనియర్ డాక్టరుగా చేరాను. అక్కడ స్ట్రెచర్లు తోసే పోర్టరు కుర్రవాడు ఒకడు ప్రతి శనివారం సాయంత్రం భుజాన ఒక సంచి వేసుకుని వచ్చేవాడు. అందులో తువ్వాలు, మార్చుకోవడానికి రెండు చొక్కాలు, టాల్కం పౌడరు డబ్బా కనిపిస్తే, పాపం ఈతకు వెళ్తున్నాడేమో అనుకున్నాను. ఒకసారి అడిగితే నవ్వి, నన్ను కూడా రమ్మన్నాడు. అలా నేను విగన్ అనే ఊళ్లో ఉన్న విగన్ క్యాసినో మెట్లెక్కాను. పేరు చూసి జూదశాల అనుకోకు. అది స్టేషన్ రోడ్డులో ఉన్న పాత బాల్‌రూమ్, అంటే నాట్యశాల. 1973 సెప్టెంబరు 23న మొదలైన ఆల్‌నైటర్లు 1981 డిసెంబరు 6 దాకా అక్కడ జరిగాయి. ఊరంతా పడుకున్నాక తలుపులు తెరిచేవారు, ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మూసేవారు. లోపల మద్యం అమ్మేవారు కాదు. వందల మైళ్ల దూరం నుంచి, స్కాట్లాండ్ నుంచీ వేల్స్ నుంచీ, మిల్లుల్లో గనుల్లో ఫ్యాక్టరీల్లో వారమంతా పనిచేసిన పిల్లలు వచ్చి, చెమటతో గోడలు తడిసిపోయేంతవరకు నాట్యం చేసేవారు. మన ఊళ్లో తెల్లవార్లూ జరిగే పద్యనాటకం చూస్తూ పెరిగినవాడిని కనుక రాత్రంతా మేల్కొని ఉండడం నాకు కొత్త కాలేదు. అందరూ వేదికవైపు కాకుండా ఎవరి పాదాలవైపు వారు చూసుకుంటూ ఉండడమే వింతగా తోచింది.

ఇక నేను చేసిన మొదటి తప్పు చెప్తాను, ఎందుకంటే నువ్వు కూడా అదే చేస్తావని నా భయం. లోపలికి వెళ్లిన అరగంటకే, బాల్కనీ నుంచి చూసింది చాలనుకుని కిందికి దిగి, పక్కవాడు గిర్రున తిరగడం చూసి నేనూ తిరిగాను. నా కాలికి ఉన్నవి రబ్బరు అడుగున్న బూట్లు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు, మోకాలు ఆ రెండింటికీ మధ్య నలిగింది. సోమవారం వార్డులో కుంటుతుంటే మా పెద్ద డాక్టరు ఫుట్‌బాల్ ఆడావా అని అడిగాడు, అవునన్నాను. ఎముకల డాక్టరుకు అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉండదు.

అందువల్ల ముందుగా బూట్ల సంగతి. అడుగు తోలుతో ఉండి, మడమ ఎత్తు లేకుండా, పాదాన్ని గట్టిగా పట్టి ఉంచే బూట్లు కావాలి. కొత్తవే కొననక్కరలేదు, పాతవాటికి చెప్పులు బాగుచేసేవాడి దగ్గర తోలు అడుగు వేయించుకోవచ్చు. కొత్త తోలు మొదట్లో బాగా జారుతుంది కాబట్టి నాలుగు రోజులు రోడ్డుమీద నడిచి దాన్ని మచ్చిక చేసుకో. మా రోజుల్లో నేలమీద టాల్కం పౌడరు చల్లుకునేవాళ్లం, ఇప్పుడు చాలాచోట్ల నేల పాడవుతుందనీ, ఇతరులు జారిపడతారనీ నిర్వాహకులు ఒప్పుకోరు. కాబట్టి అడగకుండా చల్లకు. బట్టల విషయంలో చుట్టూ విచ్చుకునే పొడవాటి లంగా లాంటిది తిరగడానికి బాగుంటుంది, వదులు ప్యాంటు అయినా సరే. పాతకాలపు వేషం వేసుకుని రావాలని ఎవరూ అనరు. చేతిసంచిలో తువ్వాలు, రెండు చొక్కాలు, నీళ్ల సీసా, ఉదయం తొడుక్కోవడానికి ఒక ఊలు స్వెట్టరు తప్పకుండా పెట్టుకో, ఎందుకంటే తడిసిన ఒంటితో లాంకషైర్ తెల్లవారుజామున బయటికి రావడం నీ మద్రాసు బాల్యం నేర్పని అనుభవం.

ఆ తరువాత చెవుల సంగతి, నా దృష్టిలో ఇదే అసలు సంగతి. వెళ్లిన మొదటి గంట నువ్వు నాట్యం చేసే ఫ్లోరు మీదికి దిగవద్దు. అంచున నిలబడి విను. ఈ పాటలు చాలావరకు 1960ల నడుమ డెట్రాయిట్, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలిస్ వంటి నగరాల్లో నల్లజాతి గాయకులు పాడినవి. మోటౌన్ అనే పెద్ద రికార్డుల కంపెనీకి వచ్చిన విజయం తమకూ రావాలని చిన్న చిన్న కంపెనీలు ఆ బాణీలోనే రికార్డు చేసి విడుదల చేస్తే, అమెరికాలో కొనేవారు లేక మూలన పడినవి. ఇక్కడి పిల్లలు వాటిని వెతికి తెచ్చుకుని ప్రాణం పోశారు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు 1971లో మూతపడేదాకా ఈ ఆల్‌నైటర్లకు పుట్టిల్లు. తరువాత స్టోక్ దగ్గర టన్‌స్టాల్‌లో గోల్డెన్ టార్చ్, బ్లాక్‌పూల్‌లో మెక్కా అనే హాలు, ఆపైన మా విగన్. పేరు పెట్టినవాడు మాత్రం లండన్‌వాడు. డేవ్ గోడిన్ అనే పత్రికా రచయిత కోవెంట్ గార్డెన్‌లో రికార్డుల దుకాణం నడిపేవాడు. ఫుట్‌బాల్ చూడడానికి ఉత్తరం నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఫంక్ అనే అప్పటి కొత్త బాణీ రికార్డులను పక్కకు నెట్టి పాత వేగమైన పాటలే అడుగుతుంటే, వారికి ఏవి చూపించాలో దుకాణంలోని వారికి గుర్తుండడానికి వాటిని నార్తర్న్ సోల్ అన్నాడు, 1970లో ఆ మాటను తన వ్యాసంలోనూ వాడాడు. అంటే పేరులోని ఉత్తరం పాడినవారిది కాదు, విన్నవారిది.

ఈ చరిత్ర నీకెందుకంటే, పాటలో ఏముందో తెలిస్తే అడుగు దానంతటదే వస్తుంది. దరువు పరుగులు పెడుతుంటుంది, గాయకుడు మాత్రం చాలాసార్లు గుండె పగిలిన సంగతే చెబుతుంటాడు. ఆ రెండింటి మధ్య ఉన్న లాగుడే ఈ నాట్యం. ఒక్కో పాట రెండున్నర, మూడు నిమిషాలకు మించదు. అంత చిన్న పాటలోనూ దరువు ఒక్క క్షణం తగ్గి, వాద్యాలు ఊపిరి బిగబట్టి, మళ్లీ విరుచుకుపడే చోటు ఒకటి ఉంటుంది. అనుభవం ఉన్నవారు ఆ చోటు ముందే తెలిసి తిరగడం అక్కడ మొదలుపెడతారు, దరువు తిరిగి వచ్చే క్షణానికి సరిగ్గా పాదం నేలకు ఆనుతుంది. అది కళ్లతో చూసి నేర్చుకునేది కాదు, పాట నోటికి వచ్చి ఉండాలి.

అడుగు విషయానికి వస్తే, ఇది జంట నాట్యం కాదు, ఎవరికి వారు చేసేది. కుడిపక్కకు ఒక అడుగు, ఎడమపాదం దాన్ని చేరడం, తిరిగి ఎడమకు, అలా పక్కలకు జారుతూ పోవడమే మూలం. బరువు మడమల మీద కాక మునిపాదాల మీద ఉండాలి, మోకాళ్లు కాస్త వంగి సడలి ఉండాలి, నడుముపై భాగం నిమ్మళంగా ఉండి పని అంతా పాదాలు చేయాలి. ఇంట్లో వంటగది గచ్చుమీద సాక్సులతో వారంరోజులు అభ్యాసం చేస్తే చాలు. గిరకలు తిరగాలని ఉంటే ఎదురుగా ఒక గుర్తు ఎంచుకుని, తల చివరగా తిప్పి, మళ్లీ ఆ గుర్తును ముందుగా పట్టుకో. చేతులు ఒంటికి దగ్గరగా తెస్తే వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. వెనక్కి పడి చేతులమీద ఆని లేచే విన్యాసాలు, గాలిలోకి కాళ్లు విసరడాలు మాత్రం నీ మొదటి సంవత్సరానికి కావు. వాటిని బాగా చేసేవారు సైతం ఫ్లోరు నిండి ఉన్నప్పుడు చేయరు. ఇవి చేస్తేనే నాట్యం అనుకునే కుర్రవాళ్లను చూస్తే నాకు చిరాకు, చూపరుల కోసం ఎగిరేవాడికి పాట వినపడదు.

మర్యాదలు కొన్ని ఉన్నాయి, ఎక్కడా రాసి పెట్టి ఉండవు. గ్లాసు పట్టుకుని ఫ్లోరును అడ్డంగా దాటకూడదు, ఒలికిన చుక్క ఎవరి కాలో విరుస్తుంది. అంచు వెంబడి చుట్టి వెళ్లాలి. ఒకరు ఎప్పటినుంచో నాట్యం చేసే చోటు ఉంటే అక్కడ జొరబడకూడదు, తగిలితే క్షమించమని చేత్తో సైగ చేస్తే చాలు. ఫోనుతో ఇతరులను వీడియో తీయవద్దు, అరవై ఏళ్లు దాటిన మనిషి కళ్లు మూసుకుని తన పదిహేడో ఏట విన్న పాటలో ఉన్నప్పుడు ముఖానికి దీపం వేయడం మంచిది కాదు. పాట నచ్చితే చివర చప్పట్లు కొట్టు. నాటకాల్లో మన తాతలు వన్స్ మోర్ అని అరిచి పద్యం మళ్లీ పాడించుకునేవారు, ఇక్కడ ఆ కోరిక చెల్లదు, రికార్డులు వేసే డీజేను మళ్లీ వేయమని అడగకు. అతడు ఏ క్రమంలో వేయాలో వారాలుగా ఆలోచించుకుని వస్తాడు.

నిన్ను ఎవరైనా ఎక్కడినుంచి వచ్చావని అడుగుతారు. ఇందులో వెంటనే తప్పు వెతకవద్దు. ఈ గుంపులో అందరూ అందరినీ అడిగే మొదటి ప్రశ్న అదే, బర్న్‌లీ అనో లీడ్స్ అనో జవాబు ఆశిస్తారు. అయితే అన్నీ తేనెమాటలే చెప్పను. 1970లలో నల్లవారి పాటలకు ప్రాణం పెట్టే ఆ హాలులో రంగున్నవాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంతమందిమి. ఫ్లోరు మీద నన్నెవరూ వేరుగా చూడలేదు గానీ, ఉదయం బయటికొచ్చి టాక్సీ కోసం నిలబడినప్పుడు వినకూడని మాటలు విన్నాను. బిగించిన పిడికిలి గుర్తు, దానికింద కీప్ ద ఫెయిత్ (నమ్మకం వదలకు) అనే మాటలు ఉన్న బ్యాడ్జీలు చొక్కాలకు కుట్టుకునేవాళ్లం. ఆ పిడికిలి అమెరికా నల్లవారి పోరాటం నుంచి వచ్చిందని ఎంతమందికి తెలుసో అని అప్పుడప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు పరిస్థితి మారింది, నీ వయసు పిల్లలు అన్ని రంగులవారూ వస్తున్నారు. 2023 జూలైలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో పూర్తి వాద్యబృందంతో, ప్రామ్స్ అనే పెద్ద సంగీతోత్సవంలో, ఈ పాటలతో కచేరీయే చేశారు. ఏమైనా అనుచితంగా ఎదురైతే మాత్రం సర్దుకుపోకు, తలుపు దగ్గర నిర్వాహకులకు చెప్పు.

డాక్టరుగా చెప్పవలసినది చెప్పేస్తాను. మా రోజుల్లో రాత్రంతా మెలకువ కోసం యాంఫెటమిన్ మాత్రలు మింగినవారు చాలామంది ఉండేవారు, అందువల్ల పోలీసుల సోదాలు జరిగేవి, కొందరు జైలుకు వెళ్లారు, కొందరిని నేను క్యాజువాలిటీలో చూశాను. ఎవరు ఏ మాత్ర ఇచ్చినా పుచ్చుకోవద్దు, దీనిమీద చర్చ లేదు. మెలకువకు మందు మధ్యాహ్నం నిద్రే. శనివారం రెండు గంటలనుంచి ఆరింటిదాకా పడుకో, ఎనిమిదింటికి తేలిగ్గా తిను. నేను సంచిలో పులిహోర డబ్బా తీసుకెళ్లేవాడిని, మూడింటికి మెట్లమీద కూర్చుని తింటుంటే ఆ పోర్టరు సగం లాక్కునేవాడు. గంటకు ఇరవై పాటల లెక్కన రాత్రికి వంద పైగా పాటలు వస్తాయి. అన్నిటికీ ఆడాలనుకుంటే నాలుగింటికి కూలబడతావు. గంటలో మూడోవంతు కూర్చుని వింటూ గడుపు, తాగుతున్న నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకో.

హాలు పక్కన రికార్డులు అమ్మేవారి బల్లలుంటాయి. అక్కడ జాగ్రత్త, నేను సగం జీతం పోగొట్టుకున్నది అక్కడే. చూడు, మాట్లాడు, ధర అడుగు, మొదటిసారి ఏమీ కొనకు. ఏడంగుళాల ఆ నల్లబిళ్లలకు ధర పాట గొప్పతనాన్నిబట్టి కాక, దొరకని తనాన్నిబట్టి పలుకుతుంది. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్ సంస్థకు ఒక పాట పాడి, తరువాత గాయకుడిగా కంటే నిర్మాతగా ఉండాలనుకోవడంతో అది విడుదల కాలేదు, అచ్చయిన ప్రతులను నాశనం చేశారు. మిగిలిన వాటిలో ఒక ప్రతి 2009లో పాతిక వేల పౌండ్లకు పైగా అమ్ముడుపోయింది. విగన్‌లో ఆ పాటను మొదట వేసినప్పుడు గాయకుడి పేరు ఎడ్డీ ఫాస్టర్ అని చెప్పారు. లేబులుమీద కాగితం అంటించి అబద్ధపు పేరు చెప్పి, పోటీ డీజేలకు ఆచూకీ తెలియకుండా దాచడం అప్పటి రివాజు. నేను కూడా ఆ దొంగపేర్లతో దుకాణాలన్నీ తిరిగి వెర్రివాణ్ణయ్యాను. కొందరు నిర్వాహకులు అసలు అచ్చు రికార్డులే వేస్తారు, నకళ్లను గుమ్మం తొక్కనివ్వరు. మంచిదే గానీ, నీకు పాట కావాలంటే లండన్‌లోని కెంట్ సంస్థ 1982 నుంచి సక్రమంగా హక్కులు తీసుకుని వేస్తున్న సంకలనాలు చౌకగా దొరుకుతాయి, అవి కొను.

ఏడింటికి అలసట వచ్చి వెళ్లిపోదామనిపిస్తుంది. వెళ్లకు. విగన్‌లో ఎనిమిదికి ముందు ప్రతివారం ఒకే మూడు పాటలు వేసేవారు: జిమ్మీ రాడ్‌క్లిఫ్‌ది, టోబీ లెజెండ్‌ది, డీన్ ప్యారిష్‌ది. మూడూ వీడ్కోలు వేళకు సరిపోయే పాటలే. కొన్ని హాళ్లలో ఇప్పటికీ వాటితోనే ముగిస్తారు. ఆ వేళకి ఫ్లోరు పలచబడి, కిటికీల్లోంచి వెలుతురు వచ్చి, మిగిలినవాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. నీ మొదటి గిరక తిరగాలని ఉంటే, అప్పుడు తిరుగు. చోటు ఉంటుంది, చూసేవాళ్లు ఉండరు, పాట అప్పటికి నీకు తెలిసే ఉంటుంది.

క్యాసినో భవనం మూతపడ్డాక తగలబడింది, ఆ చోట ఇప్పుడు షాపింగ్ సెంటరు ఉంది. ఆ పోర్టరు కూడా పోయినేడు పోయాడు. అతడు నాకు మొదటిరోజు ఇచ్చిన తువ్వాలు ఇంకా నా దగ్గరుంది, చిరుగులు పట్టినా ఉతికి పంపుతున్నాను, సంచిలో పెట్టుకో. ఆదివారం ఉదయం రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి స్టేషనులో కూర్చుని చలిలో వణకవద్దు. ఎనిమిదింపావుకల్లా నేను కారు తీసుకుని హాలు బయట ఉంటాను, నీ స్నేహితురాళ్లను కూడా ఎక్కించుకో. మీ అత్తయ్య ఇడ్లీపిండి శుక్రవారమే రుబ్బి పెడుతుంది.

ఇట్లు,
నీ మామయ్య