సందేహాలు – సమాధానాలు: దోమను జంతువు అనవచ్చునా?

సందేహం: మా కుటుంబం మూడు తరాలుగా చెన్నైలోనే ఉంటున్నది. తమిళ మాధ్యమంలో చదువుకుంటున్న మా మనుమడు దోమ, పగడం, స్పంజి, ఆఖరికి మనిషి కూడా జంతువులేనని వాదిస్తున్నాడు. మన ఇళ్ళలో జంతువంటే నాలుగు కాళ్ళది కదా! దోమ పురుగు, కాకి పక్షి, వంజరం చేప. పత్రికలవారు కూడా ‘జంతువులు, పక్షులు’ అని విడదీసే రాస్తారు. ఇక్కడివారు జూను ‘మిరుగక్కాట్చిసాలై’ అంటారు గనుక మృగమన్నా జంతువన్నా ఒకటేనా? – ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: మీ మనుమడి వాదమే సరైనది. అయితే ఇంట్లో మీరు మాట్లాడే తీరును దిద్దుకోవలసిన పనీ లేదు.

‘జంతు’ శబ్దం పుట్టుకను తెలిపే ‘జన్’ ధాతువు నుంచి వచ్చింది. ‘అమరకోశం’ అనే సంస్కృత పర్యాయపద నిఘంటువును కూర్చిన అమరసింహుడు ‘ప్రాణీ తు చేతనో జన్మీ జంతుజన్యుశరీరిణః’ అని ఆరు పర్యాయపదాలను ఒక వరుసలో కూర్చాడు. పుట్టినది, ప్రాణమున్నది, ఒడలు గలది ఏదైనా ఆ వరుసలోకి వస్తుందే తప్ప, కాళ్ళ లెక్క అందులో ఎక్కడా లేదు. నాలుగు కాళ్ళకు ఆ మాటను కుదించుకున్నది మన వాడుకే. ‘మృగం’ సంగతి వేరు. వెదకడం, వేటాడడం అనే అర్థమున్న ధాతువుతో దానికి సంబంధం. వేటకు ‘మృగయ’ అని పేరు ఉండడమూ అందుకే. కనుక అడవిలో తిరిగేది మృగం, అందులోనూ ప్రత్యేకించి జింక. నేటి తెలుగులో ఆ మాటకు క్రూరత్వం కూడా అంటుకున్నది. కుందేలును మృగమంటే తెలుగువాడు నవ్వుతాడు, తమిళుడు నవ్వడు. ‘పశువు’ మన నోట ఆవు, ఎద్దు, గేదెల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పాఠంలో జంతువు అనవలసిన చోట ఈ రెండూ పనికిరావు.

అమరకోశంలో జీవుల అమరిక ఆసక్తికరంగా ఉంటుంది. అక్కడ అధ్యాయానికి ‘వర్గం’ అని పేరు. సింహాదివర్గంలో పులి, కోతి, తేలు, పక్షులు, తుమ్మెద కలిసే ఉంటాయి. చేపలు మాత్రం వారివర్గంలోకి, పాములు పాతాళభోగివర్గంలోకి, ఏనుగు, గుర్రం క్షత్రియవర్గంలోకి, ఆవు వైశ్యవర్గంలోకి వెళ్ళిపోయాయి. ఎక్కడ ఉంటుంది, ఎవరికి పనికివస్తుంది అన్నదే అక్కడి విభజన. జరాయుజాలు (మావితో పుట్టేవి), అండజాలు (గుడ్డు నుంచి పుట్టేవి), స్వేదజాలు (చెమట నుంచి పుట్టేవి), ఉద్భిజ్జాలు (నేలను చీల్చుకొని మొలిచేవి) అన్న పాత విభజన పుట్టుకను చూసి చేసినది. మొక్కలు కూడా అందులో ఉన్నాయి. చెమట నుంచి, మురుగు నుంచి పురుగులు పుడతాయన్న నమ్మకం మీద నిలిచిన ‘స్వేదజాలు’ అన్న పేరు కావ్యంలో ఉండవచ్చు గాని, సైన్సు పాఠంలో ఉండకూడదు. మూత కట్టిన పాత్రలోని మాంసానికి పురుగు పట్టదని ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి 1668లోనే చూపించాడు.

ఇక జీవశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. శరీరం అనేక కణాలతో ఏర్పడినదా, ఆ కణాలకు కేంద్రకం ఉన్నదా, మొక్కలకూ శిలీంధ్రాలకూ ఉండే కణకవచం లేకుండా ఉన్నదా, ఆహారాన్ని తాను తయారుచేసుకోలేక ఇతర జీవుల మీద ఆధారపడి లోనికి తీసుకొని జీర్ణించుకుంటున్నదా అని చూస్తారు. పిండదశలో బ్లాస్టులా అనే కణాల బంతి ఏర్పడడం మరొక ముఖ్య లక్షణం. కదలిక ఒక్కటే గుర్తు కాదు. కీటకాన్ని పట్టే మొక్క ఆకు చటుక్కున మూసుకుంటుంది, అయినా అది మొక్కే. ఎదిగిన స్పంజి సముద్రంలో రాతిని అంటిపెట్టుకొని కదలకుండా ఉంటుంది, అయినా అది జంతువే. దాని ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి. లోపలి కణాలు కొరడాల వంటి తమ కశాభాలను ఆడిస్తూ నీటిని లోనికి లాగి, అందులోని బాక్టీరియా వంటి సూక్ష్మజీవులను పట్టి మింగుతాయి; మిగిలిన నీరు పైనున్న పెద్ద రంధ్రం గుండా పోతుంది. దాని డింభకం, అంటే ఎదగని పిల్లదశ, మాత్రం ఈదుతుంది.

పాత పుస్తకాలు అమీబాను ‘ఏకకణ జంతువు’ అనేవి. 1969లో జీవశాస్త్రవేత్త విటేకర్ జీవులన్నిటినీ ‘రాజ్యాలు’ అనే అయిదు పెద్ద విభాగాలుగా పంచే పద్ధతిని ప్రతిపాదించినప్పుడు అమీబాను జంతురాజ్యం వెలుపల ఉంచాడు గనుక నేడు ‘ఏకకణ జీవి’ అనడమే మేలు.

‘జంతువులు, పక్షులు’ అని పత్రికలు రాయడం వాడుకలో చెల్లుతుంది గాని, సైన్సు పాఠంలో అది ‘పండ్లు, మామిడిపండ్లు’ అన్నట్టే. అక్కడ ‘క్షీరదాలు, పక్షులు’ అనాలి. ‘పురుగు’ మరీ విశాలమైన మాట: వానపామూ పురుగే, దోమా పురుగే, పల్లెల్లో పాము పేరెత్తడానికి జంకి ‘పురుగు ముట్టింది’ అనేవారూ ఉన్నారు. ఆరు కాళ్ళ దోమను ‘కీటకం’ అనండి; ఎనిమిది కాళ్ళ సాలెపురుగుకు ఆ పేరు తగదు. అయినా రెండూ జీవశాస్త్రంలో ఆర్థ్రోపోడా అనే, కీళ్ళ కాళ్ళ జంతువుల వర్గంలోవే. ఇంతవరకు పేరు పెట్టిన జంతుజాతుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ ఒక్క వర్గానివే. వెన్నెముక గలవి నూటికి అయిదు కూడా లేవు. మెరీనా ఒడ్డుకు కొట్టుకువచ్చే జెల్లీచేపకు పేరులో తప్ప చేపతనం లేదు.

మనిషి దగ్గర మీకు కలిగిన జంకుకు మాత్రం వ్యాకరణంలో ఆధారం ఉన్నది. ‘స్త్రీతిర్యగ్జడభిన్నంబులును వాని విశేషణంబులును మహత్తులు’ అని చిన్నయసూరి సూత్రం. అంటే స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కాక మిగిలినవాటిని తెలిపే మాటలే మహత్తులు; ‘అతడు’ వంటి రూపాలు వాటికే. తిర్యక్కు అంటే అడ్డంగా సాగేది, అనగా మనిషి కాని జంతువు. జంతువుకు తమిళంలో వాడే ‘విలంగు’ అన్న మాటకు కూడా తమిళంలో అడ్డమనే అర్థం ఉన్నది; నిటారుగా నిలిచే మనిషిని ఆ రెండు మాటలూ బయటే ఉంచాయి. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ 1758లో తన ‘సిస్టెమా నేచురే’ గ్రంథం పదవ కూర్పులో మనిషిని, కోతిని, గబ్బిలాన్ని ఒకే క్రమంలో చేర్చాడు. గబ్బిలాన్ని తరువాతివారు వేరు చేశారు, మనిషిని చేయలేదు. అయితే ఆ వర్గీకరణ తెలుగు క్రియను మార్చదు. ‘మనిషి క్షీరద జంతువు’ అని రాసిన తరువాత కూడా ‘అతడు వండుకొని తింటాడు’ అనే రాయాలి, ‘అది తింటుంది’ అని కాదు.