సమాధానం: కండక్టర్ చదువుకు ముందు పియానో

నమస్కారమండీ. తార్నాకలో వయొలిన్ నేర్చుకుంటున్న మీ అమ్మాయి ఇంటర్ అయ్యాక ఆర్కెస్ట్రానూ ఒపేరానూ (పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకాన్నీ) ముందు నిలబడి నడిపించే కండక్టర్ కావాలంటోందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు.

ముందుగా పియానో నేర్పించండి. ఒపేరాలో చాలామంది కండక్టర్లు గాయకులకు పియానో మీద పాత్రలు సాధన చేయించే రెపెటిటర్ ఉద్యోగం నుంచే పైకి వచ్చారు. ప్రసిద్ధ కండక్టర్ జార్జ్ షోల్టీ బుడాపెస్ట్‌లో అలాగే మొదలుపెట్టారు. ఇరవైకి పైగా వాద్యాల వరసలున్న స్కోరును (సంగీతం రాసి ఉన్న ప్రతిని) చూసి దాని సారాన్ని రెండు చేతులతో పలికించడం, గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ముందే పసిగట్టడం అక్కడే అలవడతాయి.

అలాగని వయొలిన్ మానిపించకండి. బొంబాయిలో పుట్టిన ప్రసిద్ధ కండక్టర్ జుబిన్ మెహతా 1954లో వియన్నా వెళ్లి, హాన్స్ స్వరోవ్‌స్కీ వద్ద కండక్టింగ్ నేర్చుకుంటూ డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీవాద్యం కూడా వాయించారు. 1958లో లివర్‌పూల్ కండక్టర్ల పోటీలో గెలిచారు.

మీకు దగ్గర్లోనే ఉన్న ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) జర్మన్ నేర్పుతారు, వియన్నా లాంటి చోట చదవాలంటే అది తప్పక పనికొస్తుంది. సికింద్రాబాద్‌లో ఏదైనా చర్చి కోయిర్‌ను (గాయక బృందాన్ని) నడిపించే అవకాశం దొరికితే వదులుకోవద్దనండి, ఎందుకంటే ఎదుట మనుషులు లేకుండా ఈ విద్య రాదు. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీలకు స్కోరు చదివించి తీసుకువెళ్లండి.