రక్తం నుంచి తీసిన ప్రొటీన్లతో ఇంప్లాంట్ గట్టిపడుతుందా?

ప్రశ్న: నా వయసు 54. పైదవడలో వెనకపన్ను పోయిన చోట ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూలా బిగించే కృత్రిమ పంటివేరు) వేయించుకోవాలి. అక్కడ ఎముక మెత్తగా ఉందట. నా రక్తం నుంచే గ్రోత్ ప్రొటీన్లు తీసి పెడితే గట్టిగా నిలుస్తుందని డాక్టరుగారు అంటున్నారు. అదనపు ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా? షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ కొలత) 8.4.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొంత ఉంటుందమ్మా. అయితే ఇంప్లాంట్ బిగించిన రోజు దానికుండే పట్టంతా మర బిగుతుదే, ఏ ప్రొటీనూ దాన్ని పెంచదు. ఎముక మెత్తనైతే రంధ్రాన్ని ఇంప్లాంట్ కన్నా కాస్త సన్నగా తొలిచి, 35 న్యూటన్ సెంటీమీటర్ల దాకా బిగుతు రాబట్టడం డాక్టరు చేతిపని. ఆ తర్వాత, పాత ఎముక కరుగుతూ కొత్తది ఇంకా గట్టిపడని రెండు నుంచి నాలుగు వారాల్లో పట్టు సడలుతుంది. గ్రోత్ ప్రొటీన్లు అక్కరకొచ్చేది అప్పుడే.

మీ డాక్టరు చెప్పింది పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ఫైబ్రిన్ ముద్ద గురించే అనుకుంటున్నాం. ఫ్రాన్స్‌లో షుక్రూన్ బృందం 2001లో వెల్లడించిన పద్ధతి ఇది. చేతి నరం నుంచి 10 మి.లీ. ట్యూబుల్లో రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందేదీ కలపకుండా, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 2,700 చుట్ల వేగంతో 12 నిమిషాలు తిప్పుతారు. అడుగున ఎర్రకణాలు, పైన పలుచని ప్లాస్మా, నడుమ పసుపుపచ్చని జిగురుముద్ద తేలతాయి. ఆ ముద్దను అదిమి పొరలా చేసి ఇంప్లాంట్ చుట్టూ పెడతారు. అందులోంచి పీడీజీఎఫ్, వీఈజీఎఫ్ లాంటి గ్రోత్ ప్రొటీన్లు వారం పైగా మెల్లగా ఊరతాయి.

పని చెడేది ఎక్కువగా రక్తం తీసిన తొలి నిమిషాల్లోనే. ట్యూబు కాసేపు బల్లమీద ఉండిపోతే రక్తం అక్కడే గడ్డకట్టి, ముద్ద సరిగా విడిపడదు. గడ్డకట్టకుండా ఆపే మందుండే ఊదారంగు మూత ట్యూబులో పడితే అసలు ముద్దే కట్టదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

ఎముకను పెంచేందుకు ల్యాబులో చేసే ప్రొటీన్ బీఎంపీ-2 వేరు. దాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2007లో సైనస్ లిఫ్ట్ (పైదవడ వెనక భాగంలో ఎముక ఎత్తు పెంచడం) వంటి ఎముక పెంచే చికిత్సలకు అనుమతించింది. ముఖం బాగా వాస్తుంది. గర్భిణులకు, క్యాన్సర్ ఉన్నవారికి వాడరు. ఎముక ఎత్తు చాలితే మీకు దాని అవసరం లేదు.

పీఆర్‌ఎఫ్‌తో తొలి వారాల్లో పట్టు కొలత, అంటే ఐఎస్‌క్యూ, కాస్త పెరిగినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఇంప్లాంట్ ఏళ్ల తరబడి నిలవడంలో తేడా ఉందని మాత్రం తేలలేదు. అందుకే ఖర్చు మీకు భారమైతే మానుకున్నా నష్టం లేదు. ఐఎస్‌క్యూను మాత్రం బిగించిన రోజు, మళ్లీ క్యాప్ పెట్టేముందు కొలిపించండి. 70 దాటితే నిశ్చింత, 60 లోపుంటే క్యాప్‌కు తొందరపడొద్దు. వీటన్నిటికన్నా ముందు షుగర్ సంగతి చూడండి. 8.4తో ఎముక అతుక్కోవడం నెమ్మదిస్తుంది, ఇన్‌ఫెక్షన్ భయమూ ఎక్కువే. మీ ఫిజీషియన్‌ను కలిసి దాన్ని 7 దగ్గరకు తెచ్చుకున్నాకే ఇంప్లాంట్‌కు తేదీ తీసుకోండి.