యాంప్ మూగబోతే ముందు దాని జోలికి వెళ్లకు

ఒరేయ్ బుజ్జీ,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున్నే విన్నాను. మూడో పాట మధ్యలో బేస్ గిటార్ సౌండ్ ఆగిపోయిందని, యాంప్ (గిటార్ సౌండ్‌ని పెంచి స్పీకర్‌కి పంపే పెట్టె) కాలిపోయినట్టుందని, కొత్తది ఎంతవుతుందో కనుక్కోమని అడిగావు. కాలిన వాసన వచ్చిందని మాత్రం ఎక్కడా చెప్పలేదు. పైన లైటు వెలుగుతూనే ఉందన్నావు. అంటే కరెంటు లోపలికి వెళ్తోంది, మెయిన్ ఫ్యూజు బతికే ఉంది. కొత్తదాని మాట పక్కన పెట్టు.

ముందు గిటార్ చూడు. నీది యాక్టివ్ బేస్ కదా, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ జాక్‌లో గుచ్చి ఉన్నంతసేపూ, నువ్వు వాయించకపోయినా సరే, అది ఖర్చవుతూనే ఉంటుంది. రిహార్సల్ అయ్యాక కేబుల్ పీకకుండా స్టాండ్‌కి తగిలించి పడుకోవడం నీకు అలవాటేనని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది. సౌండ్ చీలినట్టు వచ్చి, సన్నగిల్లి ఆగిపోతే ఆ బ్యాటరీయే. తర్వాత కేబుల్ మార్చు. ట్యూనింగ్ కోసం నొక్కే మ్యూట్ బటన్ కూడా చూడు. నవ్వకు, నిండు పందిట్లో అది నొక్కి ఉంచి చెమటలు పట్టినవాణ్ణి నేనే.

ఇవేవీ కాకపోతే అప్పుడు యాంప్ దగ్గరికి రా. దాన్ని ఒక పెట్టెలా కాకుండా రెండు ముక్కలుగా అనుకో. టోన్ నాబ్‌లు ఉన్నది ప్రీయాంప్, స్పీకర్‌ని తోసేది పవర్ యాంప్. వెనక సెండ్ (ప్రీయాంప్ నుంచి బయటికి), రిటర్న్ (పవర్ యాంప్‌ లోపలికి) అని రెండు జాక్‌లుంటాయి, నువ్వు ఎప్పుడూ ముట్టుకొని ఉండవు. అన్ని వాల్యూమ్‌లూ తగ్గించి గిటార్ కేబుల్‌ని తిన్నగా రిటర్న్‌లో పెట్టు, తర్వాత మెల్లగా పెంచు. సన్నగానైనా సౌండ్ వచ్చిందంటే పవర్ యాంప్, స్పీకర్ రెండూ బాగున్నట్టే. గొడవ అంతకు ముందే ఉంది.

ఇప్పుడు ఒక చిన్న కేబుల్ ముక్కతో సెండ్‌నీ రిటర్న్‌నీ కలుపు. గిటార్ మళ్లీ ముందు జాక్‌లో పెట్టి వాయించు. ఫుల్ సౌండ్ వచ్చిందా? దొంగ దొరికాడు. చాలా యాంపుల్లో రిటర్న్ జాక్‌లో ప్లగ్ లేనప్పుడు సిగ్నల్ ఒక సన్నటి రేకు మీదుగా దాటుతుంది. మన సముద్రపు గాలికి, ఏళ్ల తరబడి ప్లగ్ పెట్టకపోవడానికీ ఆ రేకు మకిలి పడుతుంది. ఒకసారి నా యాంప్ ఇలాగే ఆగితే బోర్డు పోయిందని ఒక షాపులో డబ్బు గుంజారు, నెల తిరక్కుండా మళ్లీ మూగబోయింది. చివరికి ఒక ముసలి రేడియో మెకానిక్ జాక్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి ఇచ్చేశాడు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. కాంబో యాంపుల్లో, అంటే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నవాటిలో, హెడ్‌ఫోన్ జాక్‌కీ ఇదే జబ్బు వస్తుంది, స్పీకర్ ఊరికే మౌనం వహిస్తుంది.

రిటర్న్‌లో పెట్టినా రాకపోతే స్పీకర్‌ని అనుమానించు. యాంప్ ఆపేసి, స్పీకర్ వైర్లు విప్పి, దాని టెర్మినల్స్‌కి ఒక పెన్సిల్ సెల్ క్షణం పాటు తాకించు. టప్ మని కోన్ (స్పీకర్ ముందున్న గరాటు) కదిలితే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, తెగలేదు. మల్టీమీటర్ ఉంటే 8 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ అడ్డుపడే కొలత) స్పీకర్ దాదాపు 6 చూపిస్తుంది, అది మామూలే. కాంబో లోపల క్లిప్పులు అదురుకు ఊడిపోవడం కూడా చూశాను.

ఆ రోజు పక్క టీమ్ క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) కూడా తగిలించామన్నావు, నాకు అక్కడే అనుమానం. 8 ఓమ్స్‌వి రెండు కలిపితే 4 అవుతుంది. 4 ఓమ్స్‌వి రెండు కలిపితే 2 కి పడిపోతుంది. నీ యాంప్ వెనక కనీసం 4 అని రాసి ఉంటే, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి నోరు మూసుకుంటుంది. ఎర్ర లైటు వెలిగిందేమో గుర్తు తెచ్చుకో. అదే అయితే ఆ క్యాబినెట్ తీసేసి చల్లారనిస్తే చాలు. స్పీకర్‌కి గిటార్ కేబుల్ మాత్రం వాడొద్దు, అది సన్నది, ఆ కరెంటుకి తట్టుకోదు.

ఎప్పుడైనా ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది, పక్కన ఉన్న టి (నెమ్మదిగా తెగేది), ఎఫ్ (వెంటనే తెగేది) అక్షరం కూడా చూసి వెయ్యి. మా రోజుల్లో సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టేవాళ్లం, నేనూ చుట్టాను, ఒక ట్రాన్స్‌ఫార్మర్ తగలబెట్టాను. కొత్త ఫ్యూజు కూడా టప్ మంటే ఇక ఆపెయ్. ఆన్ చెయ్యగానే పెద్ద గుర్రుతో కోన్ ముందుకు పొడుచుకొచ్చినా వెంటనే ప్లగ్ పీకెయ్, స్పీకర్ కాలిపోతుంది. అప్పుడు నీ పని కాదు, మెకానిక్ పని. మూత విప్పకు, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. హమ్ (గుయ్ మనే మోత) పోతుందని ఎర్త్ పిన్ విరిచే పెద్దమనుషులున్నారు, వాళ్ల మాట వినకు. మైక్‌కి పెదవి తగిలి షాక్ కొట్టినప్పుడు తెలుస్తుంది.

స్టేజీ మీద మళ్లీ ఇలా జరిగితే ఇవన్నీ వెతుకుతూ కూర్చోకు. యాంప్ డీఐ అవుట్ (సౌండ్‌ని తిన్నగా మిక్సర్‌కి పంపే జాక్) నుంచి మిక్సర్‌కి లైన్ ఇచ్చి పాట పూర్తి చెయ్యి, తర్వాత చూసుకోవచ్చు.

సాయంత్రం ఆ కేబుల్ ముక్క పెట్టి చూసి ఫోన్ చెయ్యి. అంతకంటే ముందు, స్టాండ్ మీదున్న గిటార్ కేబుల్ పీకు.

మీ మావయ్య