మైపాడు ఒడ్డున డ్యూటీకి పోతున్న మేనల్లుడికి

అబ్బయా,

మైపాడు బీచ్‌లో లైఫ్‌గార్డుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. వీధంతా చెప్పుకుని మురిశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ నువ్వు చేసింది స్విమ్మింగ్ పూల్‌లో. అక్కడ అడుగు కనిపిస్తుంది, నీళ్లు కదలవు.

విజిల్ మెళ్లో ఉండాలి, తాడు చేతికందాలి. ఫోన్ జేబులోంచి తీశావంటే ఊరుకోను.

పొద్దున్నే నీళ్లు చూడు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నున్నగా, కాస్త నల్లగా ఉంటే, అలల్లేవు కదా అని జనం అక్కడే దిగుతారు. లోపలికి లాక్కుపోయేది అదే. ఎర్రజెండా అక్కడ పాతు. చిక్కినవాణ్ణి ఎదురీదొద్దని, ఒడ్డు వెంబడే పక్కకి ఈదమని అరిచి చెప్పు. కార్తీక పౌర్ణమికి ఇంకా జాగ్రత్త. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే మోకాల్లోతులోనే పడిపోతారు.

మునిగేవాడు కేకలేస్తాడనుకోకు. నోట్లోకి నీళ్లు పోతుంటే కేకెక్కడిది? తల వెనక్కి వాల్చి, నిలువుగా ఉన్నచోటే ఉంటాడు. ఆడుకుంటున్నాడనుకుంటారు. నిమిషంలోపే అయిపోవచ్చు.

మన పక్క ఒడ్డునే ఒక కుర్రాణ్ణి బయటికి తెచ్చారు. నాడి ఆడుతోంది. ఎవరో పెద్దాయన గద్దిస్తే కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పారు. తర్వాత బోర్లించిన బిందె మీద పడుకోబెట్టి పొట్ట నొక్కారు. నీళ్లు కక్కితే బతికినట్టేనని అందరి నమ్మకం. కక్కాడు కూడా. ఊపిరి మాత్రం రాలేదు. పొట్ట నొక్కితే లోపలున్నది పైకొచ్చి గాలిగొట్టంలోకి పోతుంది. వాడికి కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లోకి ముందు 5 సార్లు ఊదాలి. అయినా కదలకపోతే ఛాతీ మీద 30 నొక్కులు, 2 ఊపిర్లు, 108 వచ్చేదాకా అట్లానే. ఆ రోజు పెద్దాయనకి ఎవరూ ఎదురు చెప్పలేదు. నువ్వు చెప్పు. అడ్డొచ్చింది నేనైనా సరే, తోసెయ్.

ఒట్టి చేతులతో మాత్రం దూకొద్దురా. భయంలో ఉన్నవాడు నీ మెడే పట్టుకుంటాడు. తాడు విసురు, ట్యూబ్ అందించు. తప్పనిసరైతే వెనకనుంచి పో. నీకేమన్నా అయితే మీ అమ్మ మొహం నేనెట్లా చూసేది?

జీతం నెలకా, రోజు కూలీనా ముందే అడుగు. సీజనయ్యాక ఉంచుతారో లేదో కనుక్కుని నాకు ఫోన్ చెయ్.

నీ మామ