‘బీపీ మాత్ర కలిపితే టాక్రోలిమస్ ఖర్చు తగ్గుతుందట.. నేనూ వాడొచ్చా?’

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. రెండేళ్ల క్రితం కిడ్నీ మార్పిడి జరిగింది. మా అమ్మ కిడ్నీ ఇచ్చింది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ ఉదయం 3, రాత్రి 3 మిల్లీగ్రాములు వేసుకుంటున్నా. జీతంలో చాలా భాగం మందులకే పోతోంది. ఓపీలో పరిచయమైన ఒకాయన, డాక్టర్ తనకు డిల్టియాజెమ్ అనే బీపీ మాత్ర రాశాక టాక్రోలిమస్ డోసు బాగా తగ్గిందని చెప్పారు. నాకూ బీపీ ఉంది. మెటోప్రొలాల్ వాడుతున్నా. డిల్టియాజెమ్ మొదలుపెట్టొచ్చా?
- ఓ పాఠకుడు, తెనాలి

సలహా: ఆయన చెప్పింది నిజమే. మన దగ్గర చాలామంది నెఫ్రాలజిస్టులు ఖర్చు చూసి ఈ పద్ధతి వాడుతుంటారు. కానీ మీ అంతట మీరు మాత్రం మొదలుపెట్టకండి. మీ విషయంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది, అది మెటోప్రొలాల్. ఇదీ, డిల్టియాజెమూ రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. కలిపి వేసుకుంటే నాడి బాగా పడిపోయి, కళ్లు తిరిగి కింద పడిపోయే ప్రమాదం ఉంది.

టాక్రోలిమస్ మింగితే అందులో చాలా భాగం రక్తంలోకి చేరకముందే కరిగిపోతుంది. పేగుల గోడల్లో, లివర్‌లో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. డిల్టియాజెమ్ ఈ ఎంజైముకు అడ్డుపడుతుంది. దాంతో తక్కువ మందు వేసుకున్నా రక్తంలో అదే లెవెల్ ఉంటుంది. ఎంత తగ్గించొచ్చనేది మనిషిని బట్టి మారుతుంది. కొందరికి మూడో వంతు తగ్గితే, కొందరికి సగం దాకా తగ్గుతుంది. ఇంకొందరిలో పెద్ద తేడా ఏమీ ఉండదు. టాక్రోలిమస్‌తో పాటు ఇచ్చే మరో మందు మైకోఫినోలేట్ శరీరంలో విరిగే దారి వేరు కాబట్టి దాని ఖర్చు దీనితో తగ్గదు.

ఒకప్పుడు ఇదే పనికి కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు వాడేవారు. దానితో పొదుపు ఇంకా ఎక్కువ. అయితే లివర్‌ను దెబ్బతీస్తోందని 2013లో అమెరికా, యూరప్ మందుల నియంత్రణ సంస్థలు ఆ మాత్రలకు కళ్లెం వేశాయి. పైగా కడుపులో యాసిడ్ లేకపోతే అది ఒంటబట్టదు. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో చాలామంది యాసిడ్ తగ్గించే గ్యాస్ మాత్ర వేసుకుంటూనే ఉంటారు కదా! దాన్ని ఇప్పుడు ఎవరైనా సూచించినా నేనైతే వద్దంటాను.

మీ డాక్టర్ ఒప్పుకుంటే ముందు మెటోప్రొలాల్ సంగతి తేల్చి, ఈసీజీ చూసి డిల్టియాజెమ్ మొదలుపెడతారు. టాక్రోలిమస్ డోసు తగ్గించి, దాదాపు వారం తర్వాత రక్తంలో టాక్రోలిమస్ లెవెల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయిస్తారు. లెవెల్ కుదురుకునేదాకా ఈ పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించాలి. అంటే మొదటి నెలా రెండు నెలలు ఖర్చు తగ్గకపోగా పెరగొచ్చు కూడా. లెవెల్ కోసం వెళ్లే రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోండి. ముందే మింగేసి వస్తే అంకె తప్పుగా ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి డోసు తగ్గిస్తే అసలుకే మోసం. చేతులు వణకడం, తలనొప్పి, షుగర్ పెరగడం లాంటివి లెవెల్ ఎక్కువైందనడానికి గుర్తులు కావచ్చు. కాళ్ల వాపు, మలబద్ధకం డిల్టియాజెమ్ వల్లే రావచ్చు. కొలెస్ట్రాల్ తగ్గడానికి అటార్వాస్టాటిన్ వాడుతుంటే అదీ చెప్పండి. డిల్టియాజెమ్ దాని లెవెల్‌ను కూడా పెంచుతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాత్ర ఆపే రోజు. మరో ఊళ్లో ఎవరో డాక్టర్ ‘బీపీ నార్మల్‌గా ఉంది, ఇది ఆపేయండి’ అంటారు. లేదా షాపులో స్టాకు లేదని పది రోజులు మానేస్తారు. ఎంజైము మళ్లీ ఎప్పటిలా పనిచేస్తుంది. తగ్గించిన డోసు చాలదు. లెవెల్ పడిపోయి కిడ్నీ రిజెక్షన్‌కు, అంటే శరీరం కిడ్నీని తిప్పికొట్టడానికి దారితీయొచ్చు. అందుకే చీటీ మీద డిల్టియాజెమ్ పక్కన ‘టాక్రోలిమస్ కోసం’ అని రాయించుకోండి.

మీకు తెలియకుండానే లెవెల్‌ను మార్చేవి ఇంకా ఉన్నాయి. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ బాగా తగ్గించేస్తాయి. పంపర పనస తినకండి, అదీ లెవెల్ పెంచగలదు. విరేచనాలు పట్టుకున్నా టాక్రోలిమస్ లెవెల్ పెరగొచ్చు కాబట్టి రెండో రోజుకీ తగ్గకపోతే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ఖర్చు సంగతికొస్తే, డిల్టియాజెమ్ కంటే ముందు మీ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ తర్వాతి మందులు మీకు వర్తిస్తాయేమో కనుక్కోండి. డాక్టర్‌తో మాట్లాడి తక్కువ ధర బ్రాండుకు మారడం మరో దారి. అయితే మారినప్పుడు ఒకసారి లెవెల్ చేయించాలి. ఆ తర్వాత నెలకో బ్రాండు మార్చకుండా అదే వాడండి.