ఏ డబ్బా కొనాలి అని అడిగే ముందు
ఇంటి రిపేర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో చివరి వాక్యం ఒకటే: "ఏ కంపెనీది కొనమంటారు?" కంపెనీల పేర్లు చెప్పను, అది ముందే చెప్పేస్తున్నా. పైగా ఈ ప్రశ్నల్లో సగం డబ్బా కొంటే తీరేవి కావు.

ప్రశ్న: అనంతపురంలో కొత్తిల్లు కట్టుకున్నాం. హాలుకీ వరండాకీ తాడిపత్రి బండలు పరిపించాం. సందులు పూసినప్పుడు పడ్డ సిమెంటు మరకలు పోవడానికి బేల్దారి యాసిడ్ పోసి కడిగించాడు. మరకలు పోయాయి, కానీ బండలు తెల్లగా వెలిసిపోయాయి, కాలికి గరుగ్గా తగులుతున్నాయి. ఏ లిక్విడ్ వాడితే పోతుంది? (ఒక పాఠకురాలు)

జవాబు: ఏ లిక్విడ్‌తోనూ పోదమ్మా, అది మురికైతే కదా పోవడానికి. బండ పైపొరే కరిగిపోయింది. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప బండ, రంగులు వేరైనా అన్నీ సున్నపురాయి జాతే. యాసిడ్ పోయగానే బుసబుసా నురగ వస్తుంది చూడండి, మురికి ఎట్లా పొంగుతోందో అని మనం సంబరపడతాం, నిజానికి ఆ నురగలో పోయేది మన బండే. గ్రానైట్ మీదా టైల్స్ మీదా ఇదే యాసిడ్ పోస్తే ఇంత నష్టం కనిపించదు, అందుకే ఆ పనులు చేసి వచ్చినవాళ్ళు అలవాటుకొద్దీ బండల మీద కూడా పోసేస్తారు.

ముందు వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు బాగా కడిగించండి, సందుల్లో మిగిలిన యాసిడ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత పాలిష్ మిషన్ పెట్టించడమే దారి. గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా వరసగా పట్టాలి, మధ్యలో ఒకటి ఎగ్గొడితే గీతలు మిగిలిపోతాయి. హాలంతా బేరం మాట్లాడుకోకముందే ఒక మూల రెండు బండలు పట్టించి, తడి ఆరాక చూడండి, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు ఏ బండైనా నిగనిగలాడుతుంది. నచ్చితే మిగతాది. పాలిష్ అయి నేల పూర్తిగా ఆరాక రాయిలోకి ఇంకిపోయే రకం సీలర్ (మరకలు దిగకుండా పూసే ద్రవం) పట్టించుకోవచ్చు. సీలర్ నూనె మరకల్ని ఆపుతుంది గానీ యాసిడ్‌ని ఆపలేదు, కాబట్టి బాత్రూం క్లీనర్ సీసా మాత్రం హాల్లోకి తేవద్దు.

వంటింట్లో నల్ల కడప బండ గట్టు ఉన్నవాళ్ళకి కూడా ఇదే జవాబు. కోసిన నిమ్మచెక్క బోర్లా పెట్టి మరిచిపోతే పొద్దున్నకల్లా సరిగ్గా దాని సైజులోనే తెల్లటి గుండ్రం పడుతుంది. చింతపండుతో ఇత్తడి చెంబులు తోమిన చోటు మసకబారుతుంది. కొబ్బరినూనె రుద్దితే నల్లబడుతుంది నిజమే, కానీ నాలుగు రోజులకి నూనె మీద దుమ్ము పేరుకుని జిడ్డు మిగులుతుంది, గుండ్రం మళ్ళీ తేలుతుంది. ఇంకా పని నడుస్తున్న ఇళ్ళలో అయితే సిమెంటు పాలు ఆరకముందే తడి గోనెపట్టాతో తుడిపించేయండి, అసలు యాసిడ్ మాటే రాదు.

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీలో పాతికేళ్ళ కిందటి ఇల్లు. ముందు గది గోడకి కింద రెండడుగుల మేర ప్రతి ఏడూ పుట్టీ ఉబ్బి పెచ్చులూడుతోంది, తెల్లగా ఉప్పులా రాలుతోంది. రెండుసార్లు డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ వేయించాం. ఇప్పుడు గోడకి టైల్స్ అంటించేద్దామంటున్నారు మా ఆయన.

జవాబు: టైల్స్ అంటిస్తే ఈ ఏడు కనిపించదు, వచ్చే ఏడు టైల్స్ పైన మూడో అడుగులో కనిపిస్తుంది. గోడలోకి ఎక్కిన తడికి బయటికి పోయే దారి మూసేస్తే అది ఇంకా పైకి పాకుతుంది. రాలే తెల్లపొడి నేలలోంచీ ఇటుకలోంచీ నీటితో పాటు వచ్చిన లవణాలే, నీరు ఆవిరైపోయి అవి పైన మిగిలిపోతాయి. పెయింట్ దోషం కాదు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలి.

ఒకసారి వీధిలోకి వెళ్ళి చూడండి. సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి వీధి ఎత్తు పెరిగి, మీ గది నేల రోడ్డుకంటే పల్లానికి పడిందా? పాత వీధుల్లో నేను మొదట అనుమానించేది దీన్నే. అలాంటప్పుడు వాననీళ్ళు గోడకి ఆనుకునే నిలుస్తాయి. గోడ వెంట కాలువకి వాలుగా సిమెంటు గట్టు పోయించి నీళ్ళు నిలవకుండా చేయాలి. రెండోది, గోడకి అవతల బాత్రూమో కుళాయి పైపో ఉందేమో చూడండి. అన్ని కుళాయిలూ కట్టేసి, మీటరుంటే ముల్లు తిరుగుతోందేమో గమనిస్తే పైపు లీకేజీ తెలిసిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. పెచ్చు గీకేసిన చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, గోడ వైపు చెమ్మ పడితే తడి గోడలోంచే వస్తోంది. పైవైపు పడితే గదిలో గాలాడట్లేదని అర్థం.

నీటి దారి మూసేశాక తడి ఎక్కిన గీతకి ఇంకో అడుగు పైదాకా గచ్చు ఇటుక కనబడేలా కొట్టించి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపించండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఎండాకాలమంతా గోడని అలాగే వదిలేయండి, చుట్టాలు ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి. ఇటుకల్లో మందు ఎక్కించే ఇంజెక్షన్ పద్ధతి కూడా ఉంది గానీ, ఖర్చెక్కువ, పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్ళండి. మళ్ళీ పూయించేటప్పుడు కింది భాగానికి సున్నం గచ్చు, సున్నమే మేలు. గోడకి ఊపిరాడుతుంది.

ప్రశ్న: ఆదోని దగ్గర మా ఇంట్లో కిటికీ మూలలనుంచి ఏటవాలుగా బీటలు. సిమెంటు నింపితే ఎండాకాలంలో మళ్ళీ విచ్చుకుంటున్నాయి.

జవాబు: నల్లరేగడి మీద కట్టారు కదూ! ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిచ్చి కుంగుతుంది, దాంతో పాటు పునాదీ కదులుతుంది. కదిలే బీటలో గట్టి సిమెంటు నింపితే పక్కనే ఇంకో బీట పుడుతుంది. ముందు బీట రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. గీత దాటి పెరుగుతుంటే, లేదా బీటలో చిటికెన వేలు పడుతుంటే, ఇంజనీరుని పిలవాల్సిందే. పెరగకపోతే సాగే రకం ఫిల్లర్ చాలు. ఈలోగా ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పు సిమెంటు చప్టా పోయించండి, గోడవారన ఉన్న పెద్ద చెట్లకీ తొట్టి నీళ్ళకీ వేరే దారి చూపించండి. నేలలో తడి ఏడాదంతా ఒకేలా ఉంటే కదలిక తగ్గుతుంది. కొత్తగా కట్టేవాళ్ళు ఈ నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ గురించి ఇంజనీరుని అడగండి, నేలలోకి లోతుగా దించే, అడుగున గడ్డలా లావుగా ఉండే ఈ కాంక్రీటు స్తంభాలు ఇలాంటి నేలలకోసమే వచ్చాయి.

ప్రశ్న: మా ఊళ్ళో తాతల నాటి మట్టి మిద్దె ఉంది (అనంతపురం జిల్లా). కారుతోంది. పైన మూడంగుళాల కాంక్రీటు పోయిద్దామా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. లెక్క చూడు. మూడంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకి దాదాపు 180 కిలోలు. పదికి పన్నెండు అడుగుల గదికి రెండు టన్నులు. ఇప్పటికే మట్టి మోస్తున్న పాత దూలాల మీద ఆ రెండు టన్నులు ఎక్కిస్తావా, అదీ చివర్లు చెదలు తిన్నాయో లేదో చూడకుండా? దూలం గోడలోకి దూరే చోట సన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, సులువుగా దిగబడితే కారడం సంగతి తర్వాత, ముందు దూలం మార్చాలి.

పెద్దవాళ్ళు ఏటా వానలకి ముందు మిద్దె మీద చౌడు మట్టి ఎందుకు పోసేవాళ్ళంటే, చౌడులో సోడియం ఎక్కువ, తడవగానే ఆ బంకమన్ను ఉబ్బి తన సందుల్ని తానే మూసేసుకుంటుంది, నీళ్ళు దిగవు. ఊళ్ళో చౌడు దొరికితే ఇప్పటికీ అదే చవకైన మందు. పాత మట్టి మీద మొలిచిన గడ్డి వేర్లతో సహా పీకించి, తూము వైపు వాలు సరిచేసి, పలచగా పరిచి దిమ్మిస కొట్టించు. ఏటా పోయడమే తప్ప పాతది తీయకపోతే అదీ బరువే, కాబట్టి మందం మరీ పెరిగి ఉంటే కొంత దించేయి.

ప్రశ్న: కడపలో స్లాబు పైన తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే వేడి తగ్గి, కారడం కూడా ఆగుతుందంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: వేడి తగ్గుతుంది, తెల్లరంగు ఎండని తిప్పికొడుతుంది. మామూలు సున్నం కొట్టినా కొంత తగ్గుతుంది, కాకపోతే వానకి పోతుంది, ఏటా కొట్టాలి. కారడం వేరే సంగతి. తూము మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టి కింద ఎక్కడ చెమ్మ వస్తుందో చూసి, ఆ పగుళ్ళూ పిట్టగోడ మొదళ్ళూ బాగుచేయించాకే రంగు.

ప్రశ్న: ఇల్లు కట్టగా మిగిలిన పన్నెండు మూటల సిమెంటు ఆర్నెల్లుగా మెట్ల కింద ఉంది. పిట్టగోడకి వాడొచ్చా?

జవాబు: మూట మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి, మీరు కొన్న తేదీ కాదు, ఆ తేదీ చూడండి. మూడు నెలలు దాటిన సిమెంటుని పరీక్ష చేయించకుండా స్లాబుకీ పిల్లర్లకీ వాడకూడదు. చేత్తో నలిపినా పొడి కాని గడ్డలుంటే ఆ మూట పక్కన పెట్టేయండి, జల్లెడ పట్టినా పోయిన బలం తిరిగి రాదు. గడ్డలు లేకపోతే దొడ్లో చప్టా లాంటి చిన్న పనులకి, మామూలుకంటే సిమెంటు కాస్త ఎక్కువ కలిపి వాడుకోండి. పిట్టగోడకి కొత్త మూటలే తెచ్చుకోండి, పిల్లలు ఆనుకునే గోడ అది.